బండి నాయనది, ఏడాది అందరిదీ

పోయిన దీపావళి సాయంత్రం, టపాకాయల పొగ ఇంకా తగ్గకముందే, మా నాయన ఇంట్లో ఒక మాట అన్నాడు. "ఇంక నాకు లోడ్లు వద్దు. ఒక పాత టెంపో వ్యాను తీసుకుందాం. దాంట్లోనే పడకలు, పొయ్యి పెట్టిద్దాం. మనం అయిదుమందీ ఒక సంవత్సరం దేశమంతా తిరిగొద్దాం."

తమ్ముడు గంతులేసినాడు. అవ్వ "కాశీకి పోతామా?" అని అడిగింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజం చెప్తున్నాను, సంతోషంతోనే. అమ్మ మాత్రం ఒక్క మాట అనింది: "పాక్కలాం."

మా అమ్మది ధర్మపురి పక్క. ఇంట్లో ఆమె తమిళం, నాయన తెలుగు, మేము రెండూ. పాక్కలాం అంటే చూద్దాం అని. మా ఇంట్లో మాత్రం దానికి అర్థం వేరే. అది వద్దనీ కాదు, సరేననీ కాదు. "నన్ను ఎవరూ సరిగ్గా అడగలేదు" అని దాని అర్థం. ఆ అర్థం నాకు మూడు నెలల తర్వాత తెలిసింది. ఈ నెల గోడపత్రికకు రాయమని మేడమ్ చెప్పినప్పుడు, దీని గురించే రాయాలనిపించింది.

ముందు నాయన పక్షం చెప్తాను. ఆయనను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు.

నాయన ఇరవైనాలుగేళ్ళుగా లారీ తోలుతున్నాడు. మన హోసూరు, కృష్ణగిరి మీదుగా పోయే 44 నంబరు జాతీయ రహదారి కన్యాకుమారి నుంచి శ్రీనగరు దాకా పోతుంది. మూడువేల ఏడువందల కిలోమీటర్ల పైన ఉంటుంది. మనం కాలేజీ బస్సులో కూర్చుని రోజూ చూసే రోడ్డే అది. మన ఊళ్ళో 1980 నుంచి అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ ఉంది, ఇక్కడ తయారైన బండ్లు దేశమంతా తిరుగుతాయి. వాటిని తోలేవాళ్ళు కూడా తిరుగుతారు. కానీ తిరగడం వేరు, చూడడం వేరు. ఆ రోడ్డు ఆగ్రా మీదుగా పోతుంది. "నలభై సార్లు ఆగ్రా దాటినా. తాజ్ మహల్ చూడలా. లోడు దించాలంటే టైము ఉండాది కదా" అని నాయన ఎప్పుడూ చెప్తాడు. నవ్వుతూనే చెప్తాడు, కానీ ఆ నవ్వు మాకు తెలుసు. ఇప్పుడు నడుం నొప్పి. ఇంకో రెండు మూడేళ్ళు తోలగలడేమో. ఒక్కసారైనా, ఎవరి లోడూ వెనకాల లేకుండా, ఇంటివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని ఆ రోడ్డు మీద పోవాలని ఆయనకు కోరిక. అది తప్పు కోరిక అని ఎవరంటారు?

అందుకే నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఇలాంటి ప్రయాణం చేయాలి. మధ్యతరగతివాళ్ళం, మనకెందుకు అనుకోకూడదు. కానీ ప్లాను వేసేటప్పుడు మ్యాపు ఒక్కటే పరిస్తే చాలదు. ఇంట్లో ఒక్కొక్కరి ఏడాదినీ కూడా పక్కన పరచాలి. ఎవరి ఏడాది ఎంత ఖర్చవుతుందో చూడాలి. మా ఇంట్లో మొదట అది జరగలేదు.

ఎలాగంటే, వినండి. నాయన మొదట 2026 జూన్‌లో బయలుదేరుదాం అన్నాడు. సంక్రాంతికి మా చిన్నాయన వచ్చినప్పుడు, "అన్నా, పిల్లోడి ప్లస్ టూ పరీక్షలు 2027 మార్చిలో కదా. అది చెడిపోతే ఎట్ల?" అన్నాడు. అందరూ అవును అవును అన్నారు. వెంటనే తారీఖు మార్చినారు. 2027 ఏప్రిల్ ఒకటి. తమ్ముడి పరీక్షలు అయిపోతాయి, వెంటనే బయలుదేరొచ్చు. నాయన క్యాలెండరు వెనకాల కూడా రాసి పెట్టుకున్నాడు.

మీకు అర్థమయ్యే ఉంటుంది. నేను ఇప్పుడు రెండో సంవత్సరం. నా ఆఖరి సెమిస్టరు క్లాసులు, పరీక్షలు ఆ ఏప్రిల్‌లోనే ఉంటాయి. తమ్ముడి చదువు గురించి పది నిమిషాలు మాట్లాడిన నలుగురు పెద్దవాళ్ళకు, అదే ఇంట్లో అదే సంవత్సరం ఇంకొకరికి కూడా పరీక్షలు ఉన్నాయనే గుర్తు రాలేదు. నేను ఆ గదిలోనే కాఫీలు ఇస్తూ ఉన్నాను. అత్త ఒకటి అనింది కూడా: "దానికేముంది, ఆడపిల్ల డిగ్రీ, అరియర్ రాసుకోవచ్చు. తిరిగొచ్చినాక పెళ్ళి చూద్దాం."

నేను అప్పుడు ఏమీ అనలేదు. రాత్రి నాయన ఒక్కడే ఉన్నప్పుడు చెప్పినాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీది కూడా అప్పుడేనా పాపా?" అన్నాడు. ఆ గొంతులో దాపరికం లేదు. ఆయనకు నిజంగానే తట్టలేదు. కోపంతో వద్దని ఉంటే నేను పోట్లాడేదాన్ని. తట్టకపోవడంతో ఎట్లా పోట్లాడాలి? మనలో చాలామంది ఇళ్ళల్లో జరిగేది ఇదే అనుకుంటాను. మనల్ని ఎవరూ ఆపరు, మన పేరు లెక్కలో ఉండదు, అంతే.

లెక్క అన్నాను కాబట్టి అది కూడా చెప్తాను. నాయన దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. అందులో ఖర్చు వేసినాడు. ఏడాదికి 25,000 కిలోమీటర్లు. వ్యాను లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తే 2,500 లీటర్ల డీజిలు. లీటరు 93 రూపాయలు అనుకుంటే 2,32,500. అయిదుమందికి తిండి రోజుకు 500 చొప్పున 1,82,500. రెండూ కలిపి 4,15,000. టోలుకు కూడా దారి కనుక్కున్నాడు. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు, జీపులకు, వ్యాన్లకు ఏడాది ఫాస్టాగ్ పాసు వచ్చింది, వచ్చినప్పుడు 3,000 రూపాయలకు 200 సార్లు జాతీయ రహదారి టోలు దాటొచ్చని పెట్టినారు. వ్యాను ఖర్చు, రిపేర్లు వేరే పేజీలో. ఇరవైనాలుగేళ్ళు రోడ్డు మీద ఉన్న మనిషి, ఏదీ వదల్లేదు అనుకున్నాను.

ఒకటి వదిలినాడు. మా అమ్మ హోసూరు పక్కన ఒక గులాబీ తోటలో పూలు గ్రేడింగు చేసి కట్టలు కట్టే పనికి పోతుంది. నెలకు 11,000. ఏడాది పోతే 1,32,000 రాదు. తిరిగొచ్చినాక ఆ పని ఉంటుందో లేదో కూడా తెలియదు, ఆ చోటుకు వేరేవాళ్ళు వచ్చేస్తారు. నాయన లారీ మానేస్తే వచ్చే నష్టం మొదటి పేజీలోనే ఉంది. అమ్మ జీతం ఏ పేజీలోనూ లేదు. దాన్ని కలిపితే 4,15,000 కాదు, 5,47,000.

ఇంకొక లెక్క నేనే వేసినాను. రోజుకు మూడు పూటలు, 365 రోజులు. 1,095 సార్లు పొయ్యి వెలగాలి. బండిలో ఎవరు వెలిగిస్తారు? ఇంట్లో అయితే గ్రైండరు ఉంది, ఫ్రిజ్జు ఉంది, పక్కింటి అక్క ఉంది. బండిలో ఒక చిన్న 5 కిలోల సిలిండరు, ఒక స్టవ్వు, వంగితే తల తగిలే చోటు. మిగతా నలుగురూ బయట కొండ చూస్తూ ఉంటే ఒక్కరు లోపల ఉల్లిపాయలు తరుగుతూ ఉంటే, ఆ ఒక్కరికి అది దేశయాత్ర కాదు. వంటిల్లే చక్రాల మీద పోతోంది, అంతే.

ఇక తమ్ముడు ఫోనులో వీడియోలు చూపిస్తాడు. అమెరికాలో కుటుంబాలు పెద్ద పెద్ద బండ్లలో ఇల్లు పెట్టుకొని తిరుగుతాయి. చూడడానికి బాగుంటుంది. కానీ అక్కడ అలాంటి బండ్లు ఆపుకోవడానికే స్థలాలు ఉంటాయి. కరెంటు తీగ తగిలించుకోవచ్చు, నీళ్ళ పైపు పెట్టుకోవచ్చు, మురుగు వదలడానికి గొట్టం ఉంటుంది. మన దేశంలో ఇది ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. కేరళ ప్రభుత్వం 2021లో కేరవాన్ టూరిజం పాలసీ తెచ్చింది. కానీ బళ్ళారి దాటినాక, నాగపూరు దాటినాక రాత్రి ఎక్కడ ఆపుతాము? నాయనకు జవాబు రెడీగా ఉంది: పెట్రోలు బంకు, ధాబా. లారీవాళ్ళు అట్లే ఆపుతారు.

ఇక్కడే నాకూ నాయనకూ అనుభవం వేరు. ఆయనకు ధాబా అంటే మంచం, రొట్టె, తెలిసిన మనుషులు. నాకు ధాబా అంటే మొదట వచ్చే ప్రశ్న: బాత్రూము ఉందా, తలుపుకు గడియ ఉందా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? మనం డిపార్టుమెంటు టూరుకు పోయినప్పుడు ఏం చేస్తామో మీకు తెలుసు. పొద్దున నుంచి నీళ్ళు తాగము. ఒక రోజు అయితే ఓర్చుకోవచ్చు. ఏడాది నీళ్ళు తాగకుండా ఉండలేము. నెలసరి నెలనెలా వస్తుంది, ఏడాదిలో పన్నెండు పదమూడు సార్లు, ఇద్దరు ఆడవాళ్ళకు. గుడ్డలు ఎక్కడ ఉతకాలి, ఎక్కడ ఆరేయాలి, ప్యాడు ఎక్కడ పారేయాలి? ఇది గోడపత్రికలో రాయొచ్చా అని ఒక స్నేహితురాలు అడిగింది. ఆడపిల్లల కాలేజీ గోడమీద కూడా రాయకపోతే ఇంకెక్కడ రాయాలి?

నీళ్ళ సంగతి కూడా అంతే. మనిషికి రోజుకు పది లీటర్లు అంటే చాలా పొదుపు. అయిదుమందికి యాభై. రెండు రోజులకు నూరు లీటర్లు, అంటే నూరు కిలోల బరువు బండిలో. చిన్న కక్కసు కూడా పెట్టిస్తే ఇంకా కావాలి. నాయన మొదట వేయించిన బొమ్మలో నాలుగు పడకలు, టీవీ ఉన్నాయి, బాత్రూము లేదు. ఇప్పుడు టీవీ పోయింది, బాత్రూము వచ్చింది. పడకలు అయిదు అయినాయి. మొదటి బొమ్మలో అవ్వ ఎక్కడ పడుకోవాలో కూడా ఎవరూ చూడలేదు!

సరే, ఇదంతా ఇప్పటి కష్టాలే అనుకోకండి. మన తెలుగులో ఇలాంటి ప్రయాణం రెండువందల ఏళ్ళ కిందటే జరిగింది. ఏనుగుల వీరాస్వామయ్య గారి పేరు మీరు క్లాసులో వినే ఉంటారు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసినాయన. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ పోయి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకొని, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరినాడు. పదిహేను నెలల పైన. ఒంటరిగా కాదు, కుటుంబంతో, పరివారంతో, దాదాపు నూరుమంది. డేరాలు, పల్లకీలు, మోసే బోయీలు. ఆయన రాసి పంపినదంతా కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె గారు 1838లో "కాశీయాత్ర చరిత్ర" అని అచ్చు వేయించినారు. అప్పటికి వీరాస్వామయ్య గారు లేరు, 1836లోనే పోయినారు.

హైదరాబాదు, నాగపూరు, అంటే ఇంచుమించు మా నాయన లారీ దారే! ఈ సంగతి చెప్తే నాయన మురిసిపోయినాడు. ఆ పుస్తకంలో నాకు నచ్చింది ఏమంటే, ఆయన గుళ్ళ గురించి మాత్రమే రాయలేదు. మజిలీ మజిలీకి ఆ ఊళ్ళో నీళ్ళు ఎట్లా ఉన్నాయి, సామాన్లు దొరుకుతాయా, దిగడానికి చోటు ఉందా, దారి ఎట్లా ఉంది, ఇవన్నీ రాసుకుంటూ పోయినాడు. తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుంది కదా. ప్లాను వేయడం అంటే అదీ. తమ్ముడు చూసే వీడియోలకంటే నాకు ఇది ఎక్కువ పనికొచ్చింది. దాన్ని చూసే నేను కూడా నోటుబుక్కులో గళ్ళు గీసినాను: నీళ్ళు, బాత్రూము, కూరగాయల అంగడి, ఆస్పత్రి, రాత్రి ఆపే చోటు.

కానీ ఆ పుస్తకం రాసింది ఆయన. వెంట పోయిన ఆడవాళ్ళు రాసి ఉంటే అది వేరే పుస్తకం అయ్యేది. నూరుమందికి వండినవాళ్ళు, మోసినవాళ్ళు రాసి ఉంటే ఇంకొక పుస్తకం అయ్యేది. అవి మనకు లేవు. అప్పటికి నలభై ఏళ్ళ తర్వాత మన తెలుగు ఆడమనిషి పోతం జానకమ్మ గారు ఇంగ్లండు పోయి చూసిందంతా రాసినారు, 1876లో అది ఇంగ్లీషులో "పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్" అని వచ్చింది. నాయని కృష్ణకుమారి గారు కాశ్మీరు గురించి "కాశ్మీర దీపకళిక" రాసినారు. అంటే, మనకు చూసే కళ్ళు లేక కాదు, రాసే చెయ్యి లేక కాదు. పోనిచ్చినప్పుడు రాసినాము.

ఇక్కడ ఇంకొకరి మాట కూడా చెప్పాలి. కుటుంబంతో ఏడాదంతా రోడ్డు మీద ఉండడం మా నాయన కనిపెట్టింది కాదు. గంగిరెద్దులవాళ్ళు, గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు, ఇటుక బట్టీలకు పోయేవాళ్ళు పిల్లాపాపలతో అట్లే ఉంటారు. మన సిప్‌కాట్‌లో పనికి ఒడిశా, బీహారు, జార్ఖండు నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళను ఎవరూ యాత్రికులు అనరు. మనం ఇల్లు వదిలి వ్యానులో పోతే "ఎంత ధైర్యం" అంటారు, వాళ్ళు డేరా వేసుకుంటే "ఖాళీ చెయ్యండి" అంటారు. తేడా ఒక్కటే: మనకు తిరిగి వచ్చేదానికి ఇల్లు ఉంది. ఇది తెలుసుకొని పోతే మంచిది. రోడ్డు పక్కన ఆగినప్పుడు ఎవరితో ఎట్లా మాట్లాడాలో కూడా అప్పుడు తెలుస్తుంది.

"ఇన్ని ఆలోచిస్తే ఎవరూ ఎక్కడికీ పోలేరు. సంతోషంగా బయలుదేరేవాళ్ళకు నువ్వు అడ్డం పడుతున్నావు" అని మీలో కొందరు అనొచ్చు. మా తమ్ముడు అన్నాడు. దానికి నా జవాబు ఇది. నేను అడిగినందుకు ప్లాను చెడలేదు, బాగుపడింది.

చూడండి. ఏప్రిల్ ఒకటిన బయలుదేరి ఉంటే మేము ఎండాకాలం నడినెత్తిన నాగపూరు, ఆగ్రా దారిలో, రేకు బండిలో ఉండేవాళ్ళం. అవ్వకు డెబ్బై ఏళ్ళు. నా పరీక్షలు అయ్యేదాకా ఆగి జూన్‌లో బయలుదేరితే, వాన మొదలవుతుంది, కానీ పైకి పోయేకొద్దీ జూలై, ఆగస్టు నెలల్లో లడఖ్ దారి తెరిచి ఉంటుంది, అక్కడ వాన తక్కువ. చలికాలానికి రాజస్థాన్, గుజరాత్ దిగొచ్చు. కాశీ, గయ డిసెంబరులో కాకుండా ఫిబ్రవరిలో పెట్టుకుంటే అవ్వకు చలి తగ్గుతుంది. తర్వాత కలకత్తా, పూరీ, విశాఖ మీదుగా వీరాస్వామయ్య గారి దారిలోనే వెనక్కి. అరుణాచల్, నాగాలాండ్, మిజోరం పోవాలంటే ముందే పర్మిట్ తీసుకోవాలి, అది తీరిగ్గా చూసుకోవచ్చు. ఆడపిల్ల పరీక్ష కోసం రెండు నెలలు ఆగితే ఇంత మంచి జరిగింది.

చట్టం సంగతి కూడా అడిగితేనే బయటపడింది. "పాత వ్యానులో సీట్లు పీకి పడకలు బిగిస్తే సరి" అని చిన్నాయన అన్నాడు. అట్లా కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, ఆర్టీఓ అనుమతి కావాలి, ఆర్‌సీలో ఎక్కాలి. లేకపోతే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు వస్తుంది. అదే చట్టం 47వ సెక్షనులో, ఒక బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు పైన ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలని ఉంది. మేము ఏ రాష్ట్రంలోనూ అంత కాలం ఉండం కాబట్టి దాంతో భయం లేదు.

ఇంకొకటి. బండి తోలేది నాయన ఒక్కడే అయితే, ఆయన నడుం సంగతి? ఏడాది సెలవు తీసుకొని కూడా ఆయన డ్రైవరే అవుతాడు. వంటింట్లో అమ్మ, స్టీరింగు ముందు నాయన, ఇద్దరికీ సెలవు లేనట్టే. అందుకే నేను ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాను. ముప్పై రోజుల తర్వాత లైసెన్సు పరీక్షకు పోవచ్చు. ఆదివారం పొద్దున నాయనే నేర్పిస్తున్నాడు. క్లచ్చు వదిలేటప్పుడు బండి ఎగిరితే ఆయన ఏమీ అనడు, కానీ డ్యాష్‌బోర్డును గట్టిగా పట్టుకుంటాడు. తమ్ముడికి చపాతీ నేర్పించే పని అమ్మ తీసుకుంది. మొదటి చపాతీ శ్రీలంక మ్యాపులా వచ్చింది, అయినా తిన్నాము.

నాకు సొంతంగా ఒక కోరిక కూడా ఉంది, మన డిపార్టుమెంటువాళ్ళకు నచ్చుతుంది. మా ఇంట్లో చెనక్కాయలు అంటాము. అదే రోడ్డులో కర్నూలు పోతే బుడ్డలు, తెలంగాణ పోతే పల్లీలు, అటు కోస్తాకు పోతే వేరుశెనగలు. ఒకే గింజ, ఒకే భాష. హోసూరులో మన తెలుగు విని "ఇది తెలుగేనా" అని నవ్వేవాళ్ళు ఉన్నారు, మీకూ అనుభవమే. అనంతపురం నుంచి ఆదిలాబాదు దాకా ఊరూరా ఆగి, ఒక్కొక్క మాటను ఏమంటారో రాసుకుంటూ పోవాలని ఉంది. అప్పుడు మన మాట కూడా ఆ వరసలో ఒకటని తెలుస్తుంది, తప్పు మాట కాదని.

దానికి కూడా నాకు ఈ డిగ్రీ పూర్తి కావాలి. మధ్యలో వదిలి పోతే, తిరిగొచ్చినాక "ఇప్పుడెందుకు చదువు" అనే మాట ఎంత సులువుగా వస్తుందో అత్త ముందే చెప్పింది కదా. డిగ్రీ చేతిలో పెట్టుకొని పోతే, ఆ ఏడాది నాకు ఎంఏకు ముందు వచ్చిన ఏడాది అవుతుంది. వదిలేసి పోతే, పెళ్ళికి ముందు వచ్చిన ఏడాది అవుతుంది. తిరిగేది అదే రోడ్డు, చేరే చోటు వేరు.

ఇప్పుడు మా ఇంట్లో ప్లాను ఎక్కడ ఉందంటే, తారీఖు 2027 జూన్‌కు మారింది. నాయన నోటుబుక్కు గూట్లో ఉండేది, ఇప్పుడు భోజనం చేసే చోట ఉంటుంది. ఎవరైనా రాయొచ్చు. అవ్వకు రాయడం రాదు, ఆమె చెప్తే నేను రాసినాను: "కాశీలో మూడు రాత్రులు ఉండాల. నా కోసం పరిగెత్తొద్దు." తమ్ముడు బుల్లెట్ రైలు, మంచు అని ఏమేమో రాసినాడు. బుల్లెట్ రైలు ఇంకా నడవడం లేదురా అంటే కొట్టేసినాడు.

అమ్మ చాలా రోజులు ఏమీ రాయలేదు. పోయిన వారం చూస్తే తమిళంలో మూడు లైన్లు ఉన్నాయి. వారానికి రెండు రోజులు తాను వంట చేయదు. రోజుకొక ఊరు వద్దు, ఒక్కొక్క చోట పది రోజులన్నా ఉండాలి. మూడోది, తోట యజమానితో ముందే మాట్లాడి, ఏడాది తర్వాత పని ఇస్తామని చెప్తేనే వస్తుంది. ఆ మూడోదానికి ఇంకా జవాబు రాలేదు. రాకపోతే ఏం చేస్తామో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడాదిని ఆరు నెలలు చేద్దామా అని నాయనే అన్నాడు. అమ్మ మళ్ళీ "పాక్కలాం" అనింది. ఈసారి మాత్రం ఆ మాట అంటూ నోటుబుక్కు దగ్గరికి లాక్కుని చూసింది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. మీ ఇంట్లో ఏడాది యాత్ర లేకపోవచ్చు. ఇల్లు కట్టడమో, ఊరు మారడమో, అన్న పెళ్ళో ఉంటుంది. తారీఖు పెట్టేటప్పుడు మీ పరీక్ష, మీ అమ్మ పని ఆ లెక్కలో ఉన్నాయా? లేకపోతే కోపం తెచ్చుకోకముందు ఒకసారి చెప్పి చూడండి. కొందరికి నిజంగానే తట్టి ఉండదు. చెప్పినాక కూడా తట్టకపోతే అప్పుడు కోపం తెచ్చుకుందాం.

నేను చెప్పింది తప్పనిపిస్తే, కింద కట్టిన కవరులో చీటీ రాసి వేయండి. తెలుగులో అయినా తమిళంలో అయినా కన్నడంలో అయినా ఫరవాలేదు, నేను చదివించుకుంటాను. దారిలో మంచి నీళ్ళు, గడియ ఉన్న బాత్రూము ఎక్కడ ఉన్నాయో తెలిసినవాళ్ళు తప్పకుండా రాయండి. నా నోటుబుక్కులో ఆ గళ్ళు ఇంకా చాలా ఖాళీగా ఉన్నాయి.